భారం ఆయనది, పని మనది

కష్టం వచ్చినప్పుడు మన ఇళ్లలో తప్పకుండా వినిపించే మాట ఒకటుంది. ‘పైవాడున్నాడు, ఆయనే చూసుకుంటాడు.’ ఈ మాట అనుకుని కొందరు కుర్చీలో కూలబడతారు. ఇంకొందరు ఇదే మాట అనుకుని కళ్లు తుడుచుకుంటారు, చెప్పులేసుకుని బయటికి నడుస్తారు. ఇద్దరిదీ నమ్మకమే. ఏడాది తిరిగేసరికి మాత్రం ఇద్దరూ ఒకే చోట ఉండరు.

అప్పులు మీద పడినా, ఉద్యోగం పోయినా, ఇంట్లో మనిషికి పెద్ద జబ్బని తెలిసినా దేవుడి మీద నమ్మకం ఒక బలం. ఆ బలాన్ని ఎలా వాడుకోవాలన్నదే అసలు ప్రశ్న. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఫలితం గురించిన బెంగ దేవుడికి అప్పజెప్పండి. ఈ రోజు చేయాల్సిన పని మీ దగ్గరే ఉంచుకోండి. చాలామంది దీన్ని తిరగేస్తారు. పని దేవుడికి వదిలేసి, బెంగ తమ దగ్గర పెట్టుకుంటారు. ఎన్ని మొక్కులు మొక్కినా మనసు కుదుటపడకపోవడానికి కారణం అదే.

సముద్రుడు చేసిన సాయం

లంకకు వెళ్లాలి. ఎదురుగా సముద్రం. వాల్మీకి రామాయణం యుద్ధకాండలో శ్రీరాముడు ఒడ్డున దర్భలు పరుచుకుని మూడు రాత్రులు సముద్రుణ్ణి ప్రార్థిస్తాడు. బదులు రాదు. ఆగ్రహించి విల్లు అందుకున్నాకే సముద్రుడు ఎదుట నిలుస్తాడు. ఆయన ఇచ్చిన వరమేమిటో గమనించండి. నీళ్లు ఇంకిపోలేదు. లోతుగా ఉండటం నా స్వభావం, దాన్ని ఎలా మార్చుకోను అన్నాడు. నీ సేనలోనే విశ్వకర్మ కొడుకు నలుడున్నాడు, వారధి కట్టగలడు, కట్టనివ్వు, నేను మోస్తాను అని చెప్పాడు.

నలుడు కొత్తగా ఎక్కడి నుంచో రాలేదు. మొదటి నుంచీ ఆ సేనలోనే ఉన్నాడు. మరి ముందే ఎందుకు చెప్పలేదు? ఎవరూ అడగకుండా నా గొప్ప నేనెలా చెప్పుకోను అన్నది అతని జవాబు. ఇక ఆ తర్వాత నడిచిందంతా చెమటోడ్చే పనే. వానరులు చెట్లు పెకలించారు, కొండరాళ్లు మోశారు, నూలుతాడు పట్టి కొలతలు చూశారు. మొదటి రోజు 14 యోజనాలు, రెండో రోజు 20, మూడో రోజు 21, నాలుగో రోజు 22, ఐదో రోజు 23. మొత్తం నూరు యోజనాలు. ఏ రోజు పనీ ముందు రోజుకన్నా తగ్గలేదు.

కష్టంలో ఉన్నవాళ్లు ఈ ఘట్టాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. సాక్షాత్తూ శ్రీరాముడంతటివాడే సాయం అడగడం చిన్నతనం అనుకోలేదు. అడిగితే దొరికింది ఒక మనిషి పేరు, ఒక ఉపాయం, ‘నేను మోస్తాను’ అన్న ఒక మాట. వంతెన కట్టుకోవాల్సింది మాత్రం సేనే. మనకూ దేవుడి సాయం చాలాసార్లు ఇలాగే వస్తుంది. సముద్రం ఇంకిపోతుందేమోనని ఎదురుచూస్తూ కూర్చుంటే, పక్కనే ఉన్న నలుణ్ణి గుర్తుపట్టలేం.

ఇస్లాం సంప్రదాయంలోనూ ఇదే బోధ ఉంది. తిర్మిజీ హదీసు సంకలనంలో ఒకాయన మహమ్మద్ ప్రవక్తను అడుగుతాడు: ఒంటెను కట్టేసి అల్లాహ్‌ను నమ్మాలా, వదిలేసి నమ్మాలా అని. ముందు కట్టెయ్, తర్వాత నమ్ము అన్నది ప్రవక్త ఇచ్చిన సలహా.

నమ్మేవాళ్లలో మూడు దారులు

అమెరికాలో కెన్నెత్ పార్గమెంట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కష్టకాలంలో భక్తి ఎలా పనిచేస్తుందన్న విషయం మీదే జీవితమంతా పరిశోధన చేశారు. 1988లో ఆయన బృందం చర్చి సభ్యులను పరిశీలించి, సమస్య వచ్చినప్పుడు మనుషులు మూడు దారుల్లో నడుస్తారని తేల్చింది.

మొదటి దారి: దేవుడు నాకు బుద్ధి ఇచ్చాడు, దాంతో నేనే చూసుకుంటాను అనేవాళ్లది. రెండో దారి: నేను చేసేదేమీ లేదు, అంతా ఆయనే చేస్తాడు అని పూర్తిగా వదిలేసేవాళ్లది. మూడో దారి: ఆయనా నేనూ కలిసి ఈ పని చేస్తున్నాం అనుకునేవాళ్లది. పూర్తిగా వదిలేసేవాళ్లలో తమ మీద తమకు నమ్మకం తక్కువగా కనిపించింది. కలిసి చేస్తున్నాం అనుకునేవాళ్లలో అది ఎక్కువగా ఉంది.

మీరు ఏ దారిలో ఉన్నారో తెలుసుకోవడం తేలిక. మీ ప్రార్థన ఎలా ముగుస్తోందో చూసుకోండి. ‘స్వామీ, నా అప్పు తీర్చు’ అని ముగిస్తే రెండో దారిలో ఉన్నట్టు. ‘స్వామీ, రేపు బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు నాకు తడబాటు లేకుండా చూడు’ అని ముగిస్తే మూడో దారిలో ఉన్నట్టు. రెండో ప్రార్థనలో రేపు మీరు బ్యాంకుకు వెళ్తున్నారు. తేడా అక్కడుంది.

కాగితం మధ్యలో ఒక గీత

పెద్దాసుపత్రిలో ఐసీయూ బయట రాత్రిపూట ఎప్పుడైనా కూర్చున్నారా? ఇనుప కుర్చీల వరుస. ఒకరి ఒళ్లో రిపోర్టుల ఫైలు, దాని మీద విభూతి పొట్లం. పక్కావిడ ఫోన్‌లో సన్నగా హనుమాన్ చాలీసా. ఆ చివర ఒకాయన జపమాల తిప్పుతుంటాడు, ఇంకొకామె బైబిల్ తెరిచి పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. తెల్లారాక డాక్టరు వస్తారు, అయిదు నిమిషాలు మాట్లాడతారు, వెళ్లిపోతారు. ఆయన వెళ్లాక గానీ మనకు గుర్తురాదు: ‘అయ్యో, ఆ మాట అడగాల్సింది కదా!’

రాత్రంతా చేసిన ప్రార్థనకు తోడు ఒక్క కాగితం రాసుకుని ఉంటే ఆ అయిదు నిమిషాలు చేజారేవి కావు. కాబట్టి కష్టం ఏదైనా సరే, ఈ పని చేయండి. తెల్లకాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీయండి. ఎడమవైపు ‘నా చేతిలో ఉన్నవి’, కుడివైపు ‘ఆయన చేతిలో ఉన్నవి’ అని రాయండి.

నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నారనుకుందాం. ఎడమవైపు ఇవి వస్తాయి: ఆయన వాడుతున్న మందుల జాబితా రాసి నర్సుకు ఇవ్వాలి. డాక్టరును అడగాల్సినవి మూడు ప్రశ్నలు: ఇప్పుడు పరిస్థితి ఏమిటి, తర్వాత చేయబోయేది ఏమిటి, మేం ఏ లక్షణాలు కనిపెట్టి ఉండాలి. ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో ఆరోగ్యమిత్రను కలిసి కనుక్కోవాలి. రక్తం ఇచ్చేవాళ్లను సిద్ధం చేసుకోవాలి. అమ్మ వేళకు తినేలా చూడాలి. కుడివైపు ఇవి వస్తాయి: ఒంట్లో మందు ఎలా పనిచేస్తుంది, ఎన్నాళ్లు పడుతుంది, చివరికి ఏమవుతుంది.

ఇప్పుడు కుడివైపు ఉన్నవి ఒక్కొక్కటీ చదువుతూ దేవుడి ముందు పెట్టండి. పెట్టాక మళ్లీ తీసుకోకండి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి అదే ఆలోచన మొదలైతే ‘ఇది ఆయన వైపు ఉంది’ అని మనసుకు చెప్పండి. మొదట్లో పదిసార్లు చెప్పుకోవాల్సి వస్తుంది. ఫరవాలేదు, పదిసార్లూ చెప్పండి. ఎడమవైపు ఉన్నవాటిలో తేలికైనదాన్ని పొద్దున్నే పూర్తిచేసి కొట్టేయండి. ఒక్క గీత కొట్టేసినా చేతుల్లోకి సత్తువ వస్తుంది.

చేతిలో నిజంగా ఏమీ మిగలని ఘడియలూ ఉంటాయి. ఆపరేషన్ థియేటరు తలుపు మూసుకున్నాక మనం చేసేదేముంది? అప్పుడు పూర్తిగా ఆయనకు వదిలేయడమే సరైనది. ఆ వేళ వదిలేయడం సోమరితనం అనిపించుకోదు.

లొంగిపోవడం తర్వాత లెక్కలు

తాగుడు మానలేక నలిగిపోతున్నవాళ్ల కోసం 1935లో అమెరికాలోని ఏక్రన్ పట్టణంలో ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’ మొదలైంది. ఆ సంఘాల సమావేశాలు ఇప్పుడు మన దేశంలోనూ జరుగుతున్నాయి. వాళ్లది పన్నెండు మెట్ల దారి. మొదటి మూడు మెట్లలో, ఇది నా వల్ల కాలేదని ఒప్పుకుని, తనకన్నా పెద్ద శక్తికి, ఎవరికి తెలిసిన రూపంలో వాళ్లు, తనను తాను అప్పగించుకోవాలి.

చాలామందికి తెలిసిన భాగం ఇంతవరకే. తర్వాతి మెట్లు చూడండి. తన గుణదోషాల లెక్క నిర్భయంగా రాయాలి. దాన్ని మరో మనిషి ముందు ఒప్పుకోవాలి. తన వల్ల నష్టపోయినవాళ్ల జాబితా తయారుచేయాలి. వీలైనచోటల్లా వాళ్ల దగ్గరికి వెళ్లి ఆ నష్టం సరిదిద్దాలి. దేవుడికి లొంగిపోయినవాడి చేతిలో ఇన్ని పనులు పెట్టారు. శరణాగతి ఒక ఆరంభం అని ఇంతకన్నా స్పష్టంగా చెప్పే ఏర్పాటు నేను చూడలేదు.

ఇందులోంచి మనం ఒక నియమం తీసుకోవచ్చు: ప్రతి ప్రార్థన వెంట ఒక పని. పసుపు గుడ్డలో రూపాయి బిళ్ల పెట్టి వెంకన్నకు ముడుపు కట్టారా? మంచిది. ఆ ముడి వేసిన చేత్తోనే, వాయిదాలు వేస్తూ వచ్చిన ఒక ఫోను చేయండి. దర్గాలో చాదర్ కప్పించారా? ఇంటికి రాగానే ఆగిపోయిన ఆ దరఖాస్తు పూర్తిచేయండి. ఉపవాస ప్రార్థన ముగించారా? మాటలు మానేసిన తమ్ముడి ఇంటికి వెళ్లి రండి.

నిలదీయండి, తప్పు లేదు

దేవుణ్ణి నమ్మడమంటే నోరెత్తకుండా భరించడం అని కొందరు అనుకుంటారు. కోపం వస్తే పాపమని భయపడతారు. మన భక్తుల చరిత్ర చూస్తే ఆ భయం అక్కర్లేదని తెలుస్తుంది.

భద్రాచలం రామదాసునే తీసుకోండి. నేలకొండపల్లిలో పుట్టిన కంచర్ల గోపన్న 17వ శతాబ్దంలో, గోల్కొండను తానీషా ఏలుతున్న కాలంలో, పాల్వంచ పరగణా తహసీల్దారు. సర్కారు సొమ్ముతో గుడి కట్టించాడని ఖైదు చేశారు. పన్నెండేళ్లు చెరసాలలో ఉన్నాడని ప్రతీతి. గోల్కొండ కోటకు వెళ్లినవాళ్లు ఆ చీకటి గది చూసే ఉంటారు. గోడ మీద ఆయన చెక్కుకున్నాడని చెప్పే సీతారామలక్ష్మణుల బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ గదిలో రామదాసు ఏం చేశాడు? నగానట్రా చేయించడానికి అయిన ఖర్చు పద్దుల వారీగా చెప్పి రాముణ్ణి నిలదీశాడు. దెబ్బలకు ఓర్చుకోలేక అన్నానయ్యా అని అదే నోటితో మన్నించమన్నాడు. నా సంగతి ఆయనకు గుర్తుచేయమని సీతమ్మ తల్లిని బతిమాలాడు. ఆ కీర్తనలే ఈనాడు శ్రీరామనవమి పందిళ్లలో పాడుకుంటున్నాం.

పోతన భాగవతం ఎనిమిదో స్కంధంలో గజేంద్రుడు మొసలితో వెయ్యేళ్లు పోరాడి, ఒంట్లో సత్తువంతా అయిపోయాక మొరపెట్టుకుంటాడు. ఆ మొరలో, ఉన్నాడంటారే, అసలున్నాడా అన్న సందేహం కూడా పైకే అనేస్తాడు. ఆ సందేహంతో ఉన్న మొర వినే విష్ణువు ఉన్నపళంగా బయల్దేరాడు. బైబిల్‌లోని కీర్తనల గ్రంథంలోనూ నన్నెందుకు విడిచిపెట్టావని దేవుణ్ణి అడిగే విలాపాలు ఎన్నో ఉన్నాయి.

కాబట్టి మీ ప్రార్థన అందంగా ఉండక్కర్లేదు. కడుపులో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ‘నాకు భయంగా ఉంది, కోపంగా ఉంది, నీ మీద అలిగాను’ అని చెప్పండి. అలగడానికైనా ఎదుటివాడు మనవాడై ఉండాలి. మాట్లాడటం మానేయనంత కాలం బంధం తెగదు.

‘ఏం పాపం చేశానో’ అనే మాట వద్దు

నిలదీయడం వేరు, నన్ను శిక్షిస్తున్నాడు, వదిలేశాడు అని లోలోపల తీర్మానించుకోవడం వేరు. రెండోది మనిషిని తినేస్తుంది. పార్గమెంట్ బృందమే 2001లో ప్రచురించిన అధ్యయనంలో 55 ఏళ్లు, ఆపై వయసున్న 596 మంది రోగులను రెండేళ్లపాటు గమనించారు. దేవుడు తమను వదిలేశాడని, తమ మీద ప్రేమ లేదని మథనపడినవాళ్లలో మరణించే ముప్పు ఎక్కువగా కనిపించింది. వాళ్ల జబ్బు తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా పోలేదు.

మన బంధువర్గంలో పరామర్శకు వచ్చి ‘ఏ జన్మలో ఏం చేశావో తల్లీ’ అనేవాళ్లకు కొదవ లేదు. పాపం, వాళ్ల ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు. ఆ మాట చేసే గాయం మాత్రం చాలా లోతు. మీరు పరామర్శకు వెళ్తే ఆ మాట అనకండి. ‘నేనున్నాను, రేపు పిల్లల్ని స్కూలుకు నేను దించుతాను’ అనండి. ఆ మాట మీకే ఎవరైనా అంటే మనసులోకి వెళ్లనివ్వకండి. క్యాన్సర్ మంచివాళ్లకూ వస్తుంది. కంపెనీ మూతపడితే భక్తుల ఉద్యోగాలూ పోతాయి. కష్టం వచ్చిందంటే తీర్పు వచ్చినట్టు కాదు.

భయం అమ్మేవాళ్లకు దూరం

కష్టంలో ఉన్న మనిషి చుట్టూ దేవుడి పేరు చెప్పుకుని తిరిగేవాళ్లు చేరతారు. వాళ్లను గుర్తుపట్టడానికి మూడు గుర్తులు చాలు. ఒకటి, ‘ఇది చేయకపోతే ఇంకా పెద్ద కీడు జరుగుతుంది’ అని బెదిరిస్తారు. రెండు, అప్పు చేసైనా సరే డబ్బు తెమ్మంటారు. మూడు, డాక్టరు రాసిన మందులు ఆపమంటారు. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వినిపించినా లేచి వచ్చేయండి, అది ఏ మతం పేరుతో అన్నా సరే.

షుగరు బిళ్ల వేసుకుంటూ దండం పెట్టుకుంటే దేవుడికి కోపం రాదు. ఫిట్స్ మందు ఆపి తాయెత్తు కడితే బిడ్డ ప్రాణం మీదికొస్తుంది. గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మంది మీద జరిగిన పెద్ద అధ్యయనం ఒకటి 2006లో వెలువడింది. తమకు తెలియని మనుషులు తమ కోసం ప్రార్థించినందువల్ల ఆపరేషన్ తర్వాతి చిక్కులు తగ్గలేదని అందులో తేలింది. నమ్మేవాళ్లు దీనికి నొచ్చుకోనక్కర్లేదు. మందు చేయాల్సిన పని మందు చేస్తుంది. ప్రార్థన మన గుండెను నిబ్బరంగా నిలబెడుతుంది. రెండూ కావాలి, ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

మీ సేనలో నలుడెవరు?

సాయం కావాలని దేవుణ్ణి అడుగుతాం. మనిషిని అడగడానికి మాత్రం నామోషీ. అడగందే నలుడు కూడా నోరు విప్పలేదన్న సంగతి మరవొద్దు. మీకు తెలిసినవాళ్లలో ఈ కష్టం ముందే పడినవాళ్లు ఎవరు, ఆ దారి తెలిసినవాళ్లు ఎవరు, ఊరికే పక్కన కూర్చోగలిగేవాళ్లు ఎవరు? మూడు పేర్లు రాయండి.

అడిగేటప్పుడు తిన్నగా అడగండి. ‘బాబాయ్, రెండు నెలలుగా జీతం లేదు. డబ్బు కోసం రాలేదు. మీకు తెలిసిన కంపెనీల్లో అకౌంట్స్ పని ఉంటే నా పేరు ఒక్కసారి చెప్పండి.’ ఇంత స్పష్టంగా అడిగితే ఎదుటివాళ్లకు ఏం చేయాలో తెలుస్తుంది. ‘ఏదో ఒకటి చూడండి’ అంటే పాపం వాళ్లూ ఏదో ఒకటి అనేసి ఊరుకుంటారు. ఈఎంఐలు కట్టలేకపోతే ఫోన్ ఆపేసి దాక్కోకండి. బ్యాంకుకు వెళ్లి, ఇంత ఆదాయం ఉంది, ఇంత కట్టగలను, గడువు పెంచండి అని కాగితం మీద రాసివ్వండి.

బతకాలనిపించనంత చీకటి కమ్మితే, ఒక్కరే దేవుడి పటం ముందు కూర్చుని పోరాడకండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ నంబరు నొక్కడం నమ్మకం తగ్గిపోయినందుకు గుర్తు కాదు. ఆ ఫోను ఎత్తే మనిషిని ఆయనే అక్కడ కూర్చోబెట్టాడని ఎందుకు అనుకోకూడదు?

రోజూ పావుగంట

నమ్మకం కష్టం వచ్చిన రోజున ఒక్కసారిగా పుట్టుకురాదు. దానికి రోజూ కొంచెం చోటు ఇవ్వాలి. పొద్దున లేవగానే ఫోను ముట్టుకోకముందు అయిదు నిమిషాలు మీకు అలవాటైన తీరులో ప్రార్థించండి. చివర్లో ‘ఈ రోజు నేను చేసేది ఇది’ అని ఒక్క పని చెప్పండి. మధ్యాహ్నం గుండె దడగా అనిపిస్తే అయిదు నిమిషాలు కళ్లు మూసుకుని నామం తలచుకుంటూ నెమ్మదిగా ఊపిరి తీసి వదలండి. రాత్రి పడుకునే ముందు అయిదు నిమిషాలు, పొద్దున చెప్పిన పని అయిందో లేదో ఆయనకే చెప్పండి. ఆ రోజు మీకు అందిన ఒక్క మేలు తలచుకోండి: ఎవరో ఇచ్చిన కాఫీ, బస్సులో దొరికిన సీటు, తగ్గిన జ్వరం. కష్టంలో ఉన్నప్పుడు మనసు పోయినవాటినే లెక్కపెడుతుంది. ఉన్నవాటిని మనమే దానికి చూపించాలి.

అడిగింది దొరకకపోతే?

ఈ ప్రశ్న దాటవేయకూడదు. ఎంత వేడుకున్నా కొందరు బతకరు. ఎంత పోరాడినా కొన్ని వ్యాపారాలు నిలబడవు. అప్పుడు ‘అంతా మన మంచికే’ అని ఎవరో అంటే ఒళ్లు మండుతుంది, మండాలి కూడా. ఆ రోజు ఏడవండి. కర్మకాండలు, సంతాప ప్రార్థనలు, నలభైరోజుల ఫాతిహా మన పెద్దలు పెట్టింది ఆ దుఃఖాన్ని నలుగురి మధ్య మోయడానికే.

తర్వాత, ఓపిక వచ్చిన రోజున, ప్రార్థన మార్చండి. ‘దీన్ని తప్పించు’ అన్నది పోయి ‘దీంతో బతకడం నేర్పు’ అన్నది మొదలవ్వాలి. ఈ ప్రార్థనకు జవాబు నెమ్మదిగా వస్తుంది, కానీ వస్తుంది. నలుగురిలోకి వెళ్లగలుగుతారు. కూరకు ఉప్పు సరిపోయిందో లేదో తెలుస్తుంది. అదే దెబ్బ తిన్న ఇంకొకరి పక్కన కూర్చుని, ఏ ఉపన్యాసమూ ఇవ్వకుండా వాళ్ల మాట వినగలుగుతారు. ఆనాటికి ఇంకొకరి సేనలో మీరే నలుడు.

దేవుణ్ణి నమ్మండి, నిండుగా నమ్మండి. ఆ నమ్మకంతోనే ఈ రోజు కాగితం తీసి గీత గీయండి. కుడివైపు ఉన్నవన్నీ ఆయనకు అప్పజెప్పండి. ఎడమవైపు మొదటి పని రేపు పదిగంటలలోపు పూర్తిచేయండి.